ఇరవై గ్రాముల తొడుగు

ఏప్రిల్ చివర్లో, మే నెలలో సాయంత్రంపూట హైదరాబాద్ మీద విరుచుకుపడే గాలివానలకు ముందుగా కూలేవి తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు లాంటి చెట్లు. తొందరగా పెరుగుతాయని, నీడనిస్తాయని రోడ్ల పక్కన ఏరికోరి నాటించుకున్న జాతులివి. తెల్లారేసరికి అవి దారిలోంచి తొలగిపోవాలి. మేడ్చల్ మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి వెంటా, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి వెంటా ఈ పని ఏటా ఉండేదే. గాలివాన లేని రోజుల్లోనూ కరెంటు తీగలకు తగిలే కొమ్మలు కొట్టాలి, మామిడి తోటల్లో ఎండుకొమ్మలు తీయాలి, గట్ల మీది తుమ్మ మొద్దులనూ నీలగిరి దుంగలనూ ముక్కలు చేయాలి. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. అనుమతి చేతికొచ్చాక చైన్ సా కావాలి.

ఊళ్ళో అందరూ దాన్ని చెట్లు కోసే మిషను అనే అంటారు. పేరున్న కంపెనీ మిషను కొత్తది కొనడం చిన్న కాంట్రాక్టరుకు బరువే. అందుకే పాతవి చేతులు మారుతుంటాయి. కొన్ని తెలిసినవాళ్ళ ద్వారా, కొన్ని రాణిగంజ్ దుకాణాల చుట్టుపక్కల, కొన్ని గురువారం నాటి జుమ్మేరాత్ బజార్‌లో. చేతులు మారే ముందు చాలావాటికి కొత్త రంగు పడుతుంది. ఆ రంగు కొన్నిటి మీద అయిదేళ్ళు నిలుస్తుంది, కొన్నిటి మీద ఒక్క వానాకాలం కూడా నిలవదు. డబ్బా అదే, స్ప్రే గన్ను అదే, పెయింటరూ అతనే అయినా ఇంత తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే పెయింటు కిందికి దిగి చూడాలి.

బాగా వాడిన మిషనును బల్ల మీద పెట్టి, చైను తిరిగే వైపున్న స్ప్రాకెట్ మూత విప్పితే మొదట కనిపించేది నల్లటి ముద్ద. చైను ఆయిలూ రంపపు పొట్టూ కలిసి గట్టిపడిన జిడ్డు అది. స్క్రూడ్రైవరుతో గీకితే పెళ్ళలుగా ఊడి వస్తుంది. దాని కింద నారింజ రంగు పెయింటు మీద శనగగింజంత పొక్కులు. ఒకదాన్ని గోటితో నొక్కితే పటుక్కున పగిలి తెల్లటి పొడి రాలుతుంది. ఇనుము తుప్పు పడితే ఎర్రగా ఉండాలి. ఈ పొడి సున్నంలా తెల్లగా ఉందంటే లోపల ఉన్నది ఇనుము కాదన్నమాట.

బరువు దించిన లోహం

1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ ష్టీల్ తయారుచేసిన మొదటి కరెంటు రంపం 64 కిలోలు తూగేది. మూడేళ్ళకు వచ్చిన పెట్రోలు రంపం 46 కిలోలు. ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే తప్ప చెట్టు దగ్గరికి చేరేది కాదు. 1950లో ఆయన కంపెనీ ఒక్క మనిషి మోయగలిగే రంపాన్ని 16 కిలోలకు దించింది. 1959లో వచ్చిన కాంట్రా మోడల్ 12 కిలోలు. ఇవాళ 50 సీసీ మిషను, చైను తిరిగే బారూ, చైనూ తీసేస్తే, అయిదు కిలోలకు అటూఇటూ ఉంటుంది. కొమ్మ మీద ఒక కాలు, మోకు మీద ఇంకో కాలు పెట్టి పనిచేసే మనిషికి ఇందులో ప్రతి వంద గ్రాములూ లెక్కే.

ఈ తగ్గుదలలో పెద్ద వాటా మెగ్నీషియానిది. ఘన సెంటీమీటరు ఉక్కు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7 గ్రాములు తూగితే, మెగ్నీషియం 1.74 గ్రాములే. కరిగించి అచ్చులోకి ఒత్తిడితో కొడితే పల్చటి గోడలు, సన్నటి మడతలు కూడా ఒక్క దెబ్బకు వస్తాయి. మంచి రకం రంపాల్లో క్రాంక్ కేసు, కొన్నిట్లో స్ప్రాకెట్ మూత కూడా ఈ లోహంతోనే పోస్తారు. ఎక్కువగా వాడేది ఏజెడ్ 91 అనే మిశ్రమం. అందులో అల్యూమినియం 9 శాతం, జింకు 1 శాతం, మిగతాదంతా దాదాపు మెగ్నీషియమే. ఫోక్స్‌వాగన్ పాత బీటిల్ కారు వెనక భాగంలో ఉండే ఇంజను క్రాంక్ కేసు కూడా ఇలాంటి మెగ్నీషియం మిశ్రమమే.

రంపంలో క్రాంక్ కేసుకు అంటుకుని ఉండే సిలిండరు మాత్రం అల్యూమినియం. దాని లోపలి గోడకు గట్టి క్రోమియం పూతో, నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ రేణువులు కలిపిన పూతో ఉంటుంది. బారు, చైను, మరలు ఉక్కు. పిడి, పెట్రోలు ట్యాంకు గాజునారలు కలిపిన నైలాన్. సైలెన్సర్ రేకు. ఒక జానెడు మేర అయిదారు రకాల పదార్థాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. వాటన్నిటి మీదా ఒకే డబ్బాలోని రంగు కొట్టి నిలవమంటే నిలవదు.

పొట్టి దుప్పటి

లోహాల్లో చాలావరకు గాలి తగిలితే ఆక్సైడు అవుతాయి. ఆ ఆక్సైడు లోహాన్ని కాపాడుతుందా, వదిలేస్తుందా అన్నది చాలావరకు దాని పరిమాణం మీద ఆధారపడుతుందని 1923లో పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టారు. అల్యూమినియం ఆక్సైడుగా మారినప్పుడు తాను ఖాళీ చేసిన చోటుకు 1.28 రెట్ల చోటు ఆక్రమిస్తుంది. అందుకే సందులేకుండా కప్పేసి, కింది లోహాన్ని గాలికి అందకుండా చేస్తుంది. ఇనుము ఆక్సైడు రెండు రెట్లకు పైగా ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు తానే పొలుసులుగా రాలిపోయి కొత్త ఇనుమును బయటపెడుతుంది. మెగ్నీషియం ఆక్సైడుది మూడో దారి. దాని నిష్పత్తి 0.81. అంటే లోహం ఖాళీ చేసిన చోటును కూడా నింపలేదు. పొట్టి దుప్పటి కప్పుకున్న మనిషికి తల కప్పితే కాళ్ళు బయటపడినట్టు, పొరలో ఎక్కడో ఒకచోట సందు ఉండనే ఉంటుంది.

ఆ సందులోంచి తేమ దిగితే మెగ్నీషియం హైడ్రాక్సైడు తయారవుతుంది. పొక్కు పగిలినప్పుడు రాలిన తెల్ల పొడిలో ముఖ్యంగా ఉండేది అదే, గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి ఏర్పడిన కార్బనేట్లతో పాటు. ఆయిలుతో తడిసిన రంపపు పొట్టు రోజుల తరబడి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి స్ప్రాకెట్ మూత కింద ఈ పని నిదానంగా, ఆగకుండా నడుస్తుంది. దీనికి ఈ మధ్య ఇంకో కారణం తోడైంది. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకులకు రావడం మొదలైంది. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే నీళ్ళు, ఇథనాల్ కలిసి అడుక్కి దిగుతాయి. ఇథనాల్ 10 శాతం దాటొద్దని చాలా రంపాల మాన్యువళ్ళు రాయడానికి కారణాల్లో ఇదొకటి.

అసలు చిక్కు మరల దగ్గర మొదలవుతుంది. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ, వాటి మధ్య ఉప్పు కలిసిన తడి ఉంటే చిన్న బ్యాటరీ తయారవుతుంది. ఎలక్ట్రాన్లను వదులుకోవడంలో మెగ్నీషియానికి పోటీ తక్కువ. దాని ప్రమాణ పొటెన్షియల్ మైనస్ 2.37 వోల్టులు, ఇనుముది మైనస్ 0.44. ఈ బ్యాటరీలో ఎప్పుడూ కరిగిపోయేది మెగ్నీషియమే, క్షేమంగా ఉండేది ఉక్కు మర. కంపెనీ మరలకు పూత వేసి పంపేది ఇందుకే. పాతదాన్ని బాగుచేసేటప్పుడు దొరికిన మామూలు మర బిగిస్తే దాని చుట్టూ ఏడాదిలోపే తెల్లటి వలయం కనిపిస్తుంది.

ఇక్కడ చాలా పెయింటు షెడ్లలో సదుద్దేశంతోనే ఒక పొరపాటు జరుగుతుంది. ఉక్కు మరలను మెరిసేలా తోమి అలాగే వదిలేసి, మెగ్నీషియం ఒంటికి మాత్రం దట్టంగా రంగు వేస్తారు. ఆ రంగులో సూదిమొనంత రంధ్రం ఒక్కటున్నా చాలు. బయట తెరుచుకుని ఉన్న ఉక్కు అంతా కలిసి అడిగే ఎలక్ట్రాన్లను ఆ ఒక్క రంధ్రం ఇవ్వాల్సి వస్తుంది. ఒళ్ళంతా పరుచుకుని మెల్లగా సాగాల్సిన క్షయం ఒక్కచోట గుమిగూడి లోతైన గుంట తొలుస్తుంది. ఉక్కు మరకు కూడా పూత వేస్తే ఎలక్ట్రాన్లను అడిగేవాళ్ళు తగ్గుతారు, రంధ్రం మిగిలినా నష్టం తక్కువ. కరిగిపోయేదాన్ని కాపాడాలంటే కరగనిదాన్ని కూడా కప్పాలి. ఓడల అడుగు భాగం నుంచి విమానాల రెక్కల దాకా తుప్పు ఇంజనీర్లు పాటించే సూత్రమే ఇది.

పాత రంగు వదిలించే తీరు

కొత్త పెయింటుకు పాతదాన్ని తీసేయాలి. షెడ్డులో చేతికందే మందులు రెండు, కాస్టిక్ సోడా, ఆసిడ్. కాస్టిక్ సోడాతో మన రెండు లోహాలూ ఎదురుబొదురుగా నడుస్తాయి. కాస్టిక్ సోడా ద్రావణంలో మెగ్నీషియం చెక్కుచెదరదు. అదే తొట్టిలో పొరపాటున అల్యూమినియం సిలిండరు పడితే బుసబుసమని హైడ్రోజన్ పొంగుతూ కరగడం మొదలవుతుంది. ఆసిడ్‌లో మెగ్నీషియం ఇంకా వేగంగా కరుగుతుంది. కాబట్టి క్రాంక్ కేసును పూర్తిగా విప్పి, బేరింగులూ సీళ్ళూ తీసి, అదొక్కటే కాస్టిక్‌లో ముంచడం రసాయనం ప్రకారం సరైన దారి. కళ్ళద్దాలు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు లేకుండా ఆ తొట్టి దగ్గరికి పోకూడదు. చర్మం మీద పడిన కాస్టిక్ నొప్పి తెలిసేలోపే లోపలికి తినేస్తుంది.

డబ్బాలో దొరికే పెయింట్ రిమూవర్లలో ఒకప్పుడు ముఖ్యమైన సరుకు డైక్లోరోమీథేన్. పూసిన కాసేపటికే పాత రంగు ముడతలు పడి లేచిపోతుంది. మూసిన గదుల్లో ఈ ఆవిరి పీల్చి మనుషులు చనిపోవడంతో 2019లో అమెరికా ఇళ్ళలో వాడుకునేవాళ్ళకు ఇలాంటి రిమూవర్లు అమ్మడాన్ని నిషేధించింది.

ఎమరీతో రుద్దడం అన్నిటికన్నా మామూలు పద్ధతి, అజాగ్రత్తగా చేస్తే అన్నిటికన్నా ప్రమాదం కూడా. మెగ్నీషియం ముద్దగా ఉన్నప్పుడు అంత తేలిగ్గా అంటుకోదు. గ్రైండరుతో పొడి చేసినప్పుడు అది దీపావళి మతాబుల్లో తెల్లటి వెలుగునిచ్చే సరుకు అవుతుంది. అదే గ్రైండరు మీద ఉక్కు ముక్క రాపాడితే వచ్చే నిప్పురవ్వ ఒక్కటి చాలు. అంటుకున్నాక నీళ్ళు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఎగదన్నుతుంది. కార్బన్ డయాక్సైడు సిలిండరుతో కొట్టినా ఆరదు, ఆ వాయువులోని ఆక్సిజన్‌ను కూడా లాక్కుని మండుతుంది. 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లె మాన్ రేసులో మెర్సిడెస్ కారు జనంలోకి దూసుకెళ్ళింది. ఆ కారు ఒళ్ళు మెగ్నీషియం మిశ్రమం. సిబ్బంది నీళ్ళు కొట్టేకొద్దీ మంట పెరిగింది. ఆ దుర్ఘటనలో 80 మందికి పైగా చనిపోయారు. అందుకే షెడ్డులో ఈ పనికి నీటితో తడిపిన వాటర్ పేపరు వాడి చేత్తోనే రుద్దాలి, ఆ మడ్డిని పోగుపడనీయకుండా కడిగేయాలి. పూర్తిగా ఎండిన ఇసుకో, లోహపు మంటల కోసమే తయారుచేసే డీ తరగతి పొడో బల్ల పక్కనే ఉండాలి.

ఇసుక బ్లాస్టింగ్ చేయించేవాళ్ళకు ఒక మాట. ఉక్కు గుళ్ళతో కొడితే వాటి తునకలు మెగ్నీషియంలో గుచ్చుకుని ఒక్కొక్కటీ ఒక చిన్న బ్యాటరీ అవుతుంది. గాజు గుళ్ళు నయం. మామూలు ఇసుకైతే దాని దుమ్ము కార్మికుడి ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ పెడుతుంది.

పొర మీద పొర

శుభ్రపడిన లోహం మీద నేరుగా రంగు కొట్టడం దండగ. మొదట లోహాన్నే కొంచెం మార్చి, పెయింటుకు పట్టు దొరికేలా చేయాలి. విమాన పరిశ్రమ దీనికి దశాబ్దాలుగా డైక్రోమేట్ ద్రావణాలు వాడింది. మెగ్నీషియం వాటిలో మునిగితే గోధుమరంగు క్రోమేటు పొర ఏర్పడుతుంది. పని గొప్పగా చేస్తుంది కానీ ఆరు వేలెన్సీల క్రోమియం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేలడంతో ప్రపంచమంతా వేరే దారులు వెతుకుతోంది. అలాంటి దారుల్లో ఒకదాని మీద హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం చాలాకాలంగా పనిచేస్తోంది. దాని పేరు మైక్రో ఆర్క్ ఆక్సిడేషన్. క్షార ద్రావణంలో లోహాన్ని ముంచి ఎక్కువ వోల్టేజి ఇస్తే ఉపరితలమంతా లెక్కలేనన్ని చిన్న చిన్న మెరుపులు పుడతాయి. ఒక్కో మెరుపు దగ్గర లోహం క్షణకాలం కరిగి పింగాణీ లాంటి గట్టి ఆక్సైడుగా మారుతుంది. అల్యూమినియం, మెగ్నీషియం లాంటి తేలిక లోహాలకు ఇది సరిపోతుంది. మేడ్చల్ రోడ్డు పక్క షెడ్డుకు ఆ తొట్టి అందుబాటులో ఉండదు కాబట్టి అక్కడ పని జరిగేది ప్రైమరుతో.

ఇక్కడే ఒక వానాకాలానికీ అయిదేళ్ళకూ మధ్య తేడా తేలిపోతుంది. చవకగా దొరికే సింథటిక్ ఎనామిల్ ఆల్కిడ్ రకం. నూనెల్లోని కొవ్వు ఆమ్లాలను ఇతర రసాయనాలతో ముడివేస్తే ఆల్కిడ్ రెసిన్ వస్తుంది. పాలమూరు, నల్లగొండ చేలలో పండే ఆముదం కూడా ఇందులోకి పోతుంది. మామూలు ఆముదం పూస్తే ఎన్నాళ్ళైనా ఆరదు. దాన్ని వేడిచేసి అణువులోంచి నీటిని తీసేస్తే ఆరిపోయే నూనె అవుతుంది. ఇనుప గేటు మీద ఈ ఎనామిల్ బాగానే నిలుస్తుంది. మెగ్నీషియం మీద నిలవదు. మెగ్నీషియం హైడ్రాక్సైడు తడిస్తే క్షారం, దాని పీహెచ్ 10 దాటుతుంది. నూనె, క్షారం కలిస్తే సబ్బు. పెయింటు అడుగు పొర కంటికి కనపడకుండా సబ్బుగా మారి లోహాన్ని వదిలేస్తుంది. పైకి నిగనిగలాడుతున్న రంగు ఒకనాడు అట్టలాగా ఊడి చేతికొస్తుంది.

క్షారాన్ని తట్టుకునేది ఎపాక్సీ. రెసిన్, హార్డెనర్ రెండు డబ్బాల్లో వస్తాయి, కలిపాక గడ్డకట్టే చర్య మొదలై వెనక్కి తిరగదు. దాని పట్టు ఎంత గట్టిదంటే విమానాల భాగాలను అతికించడానికి కూడా ఎపాక్సీలే వాడతారు. లోపం ఒక్కటే. ఎండకు ఎపాక్సీ తెల్లబారి సుద్దపొడి రాలుస్తుంది, దాని అణువుల్లోని బెంజీన్ వలయాలు అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని తెగిపోతాయి. కాబట్టి అది కిందే ఉండాలి, పైన ఎండకు నిలిచే పాలీయురెథేన్ ఉండాలి. కార్ల షెడ్లలో పీయూ పెయింటు అని అడిగితే ఇచ్చేది ఇదే. దీని మూల రసాయనాన్ని 1937లో జర్మనీలో ఓట్టో బేయర్ బృందం కనిపెట్టింది. ఆముదానికి ఇందులోనూ చోటుంది. దాని అణువులో సహజంగా ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు పీయూ హార్డెనర్‌తో నేరుగా ముడిపడతాయి. తార్నాకలో ఉన్న ఐఐసీటీ, 1944లో నిజాం కాలంలో మొదలైన ప్రయోగశాల, ఇలాంటి నూనెల మీదా పూతల మీదా తరతరాలుగా పరిశోధన చేస్తోంది.

హార్డెనర్‌లో ఉండేది ఐసోసయనేట్. పనిచేసే చోట వచ్చే ఆస్తమాకు ప్రపంచంలో ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఊపిరాడదు. మూతికి కట్టుకున్న రుమాలు దీన్ని ఆపలేదు. గాలి గొట్టంతో వచ్చే మాస్కు ఉత్తమం, కనీసం కార్బన్ ఫిల్టరున్న మాస్కు ఉండాలి.

డుకో అని హైదరాబాద్ షెడ్లలో ఇప్పటికీ అడిగే నైట్రోసెల్యులోజ్ పెయింటు నిమిషాల్లో ఆరిపోతుంది. 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ తెచ్చిన ఈ రకం వల్లే వారాలు పట్టే కారు పెయింటింగు రోజుల్లోకి దిగింది. బీరువాకు బాగుంటుంది. ట్యాంకు మూత దగ్గర రోజూ పెట్రోలు ఒలికే రంపానికి పనికిరాదు. పెట్రోలుకు మెత్తబడుతుంది, అందులో ఇథనాల్ ఉంటే ఇంకా తొందరగా.

పౌడర్ కోటింగ్ చేయిస్తే పోలేదా అని అడిగేవాళ్ళుంటారు. జీడిమెట్ల, బాలానగర్ వైపు ఆ యూనిట్లకు కొదవలేదు. విద్యుదావేశం ఇచ్చిన పొడి లోహానికి అతుక్కుంటుంది, తర్వాత 180 నుంచి 200 డిగ్రీల పొయ్యిలో కరిగి పొరవుతుంది. కిటికీ చువ్వలకు ఇది దివ్యంగా ఉంటుంది. అచ్చుపోసిన మెగ్నీషియం లోపల మాత్రం కంటికి కనపడని గాలి బుడగలు చిక్కుకుని ఉంటాయి. పొయ్యి వేడికి అవి వ్యాకోచించి, కరుగుతున్న పొరను చీల్చుకుని బయటికి వస్తాయి. చల్లారాక ఒళ్ళంతా సూదిరంధ్రాలు. అవేం చేస్తాయో పైన చూశాం.

ఇంత కథా నడిచేది ఎంత మందంలో? ప్రైమరూ పై పొరా కలిపి ఆరాక వంద మైక్రాన్లు, మిల్లీమీటరులో పదో వంతు. రంపం ఒంటి మీద రంగు పడే చోటు 0.15 చదరపు మీటర్లు అనుకుంటే పెయింటు ఘనపరిమాణం 15 ఘన సెంటీమీటర్లు, బరువు ఇరవై గ్రాములు. అయిదు కిలోల యంత్రాన్ని కాపాడే తొడుగు అంతే.

ఆ తొడుగు పట్టిందో లేదో చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వారం ఆరనిచ్చి, ఎవరికీ కనపడని చోట కొత్త బ్లేడుతో ఆరు గీతలు నిలువునా, ఆరు అడ్డంగా, రెండు మిల్లీమీటర్ల ఎడంతో గీయాలి. పాతిక గళ్ళు వస్తాయి. మీద టేపు అంటించి, గట్టిగా రుద్ది, ఒక్క ఊపున లాగాలి. గళ్ళన్నీ నిలిస్తే పని బాగా కుదిరినట్టు. గీతలు కలిసే మూలల్లో చిన్న చిన్న పెచ్చులు లేస్తే పర్వాలేదు. గళ్ళకు గళ్ళే టేపుతో వస్తే మళ్ళీ మొదటికే. ఐఎస్ఓ 2409 ప్రమాణం చెప్పే పరీక్ష ఇదే.

నారింజ రంగు సంగతి

పచ్చటి ఆకుల మధ్య, ఎండుగడ్డిలో పెట్టి మరిచిపోయినా కనపడాలని చాలా కంపెనీలు రంపాలకు నారింజ, ఎరుపు, పసుపు రంగులు ఎంచుకున్నాయి. పాతకాలపు ఇండస్ట్రియల్ పెయింట్లలో ఈ మండే రంగులు చాలామటుకు సీసపు క్రోమేట్ల నుంచి వచ్చేవి. ఎండకు వెలవవు, ఒక్క చేతికే కింది రంగును మూసేస్తాయి. కానీ వాటిలో సీసమూ ఉంది, ఆరు వేలెన్సీల క్రోమియమూ ఉంది. పాత రంగును పొడిగా రుద్దితే ఆ రెండూ ఊపిరిలోకి పోతాయి. ఇళ్ళకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. ఆ నిబంధన గృహ, అలంకరణ పెయింట్లకే. ఇండస్ట్రియల్ రంగులు దాని కిందికి రావు. అందుకని డబ్బా మీద సీసం లేదని రాసి ఉందో లేదో చూసుకోవాలి.

సీసం లేని నారింజ సేంద్రియ వర్ణకాలతో వస్తుంది. రంగు మెరుపు ఎక్కువ, మూసే శక్తి తక్కువ. నల్లటి ప్రైమరు మీద నాలుగు చేతులు వేసినా మురికి పట్టినట్టే కనిపిస్తుంది. అదే తెల్లటి ప్రైమరు మీద రెండు చేతులకే వెలుగుతుంది. కాంతి పల్చటి రంగు పొర దాటి కింది తెలుపును తాకి తిరిగి మన కంటికి చేరడం వల్ల వచ్చే తేడా అది.

ఈ రంగుల చుట్టూ చట్టమూ ఉంది. 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం రంగుల కలయికను కూడా వ్యాపార చిహ్నంగా గుర్తిస్తుంది. సొంత మిషనుకు పాత రంగే మళ్ళీ వేయించుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చవక నకలుకు పెద్ద కంపెనీ రంగులు కొట్టి, స్టిక్కరు వేసి, ఆ పేరుతో అమ్మితే అది మోసం.

గాలిలో తేమ

డబ్బా మీద రాయని ఇంకో పదార్థం పెయింటులో కలుస్తుంటుంది, గాలిలోని నీటి ఆవిరి. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుంటుంది, తడి పొర చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. జూలైలో ఒక ముసురు రోజున షెడ్డులో 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకుంటే 25 డిగ్రీల దగ్గరే ఆవిరి నీళ్ళుగా దిగుతుంది. పొర మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, డుకో మీద పాలు చల్లినట్టు తెల్లటి మసక కమ్ముతుంది. పీయూ అయితే ఐసోసయనేట్ ఆ నీటితో కలిసి కార్బన్ డయాక్సైడు వదులుతుంది, పొరలో బుడగలు లేస్తాయి. మార్చి మధ్యాహ్నం 35 డిగ్రీలు, తేమ 30 శాతం ఉంటే నీళ్ళు దిగేది 15 డిగ్రీల దగ్గర. ఆ భయమే ఉండదు. మే నెల 42 డిగ్రీల ఎండలో ఇంకో తంటా. గన్ను నుంచి బయల్దేరిన తుంపర లోహాన్ని చేరేలోపే సగం ఆరి గరుకుగా కూర్చుంటుంది. అందుకే ఆ నెలల్లో తెల్లవారుజామున, నిదానంగా ఆవిరయ్యే థిన్నరుతో పనిచేస్తారు.

ఉక్కు భాగాలు, రంగు పడకూడని చోట్లు

బారుకు రంగు వేయడం అమ్మకానికే తప్ప వాడకానికి కాదు. సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్ల చొప్పున, చైను రాపాడే అంచుల మీద ఏ రంగూ రెండు దుంగలకు మించి నిలవదు. తుప్పు మరకలు ఉంటే టానిక్ ఆసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయొచ్చు. ఎర్రటి తుప్పు నీలినలుపు పొరగా మారి గట్టిపడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు ఈ రసాయనం ఎప్పట్నుంచో తెలుసు. కరక్కాయ నానిన గుడ్డ మీద, ఇనుప తుక్కును బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రావణంతో గీస్తే గీత నల్లబడుతుంది. అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే, టానిన్ ఇనుముతో ముడిపడడం. తుమ్మ చెట్టు కోశాక తుడవకుండా వదిలేసిన బారు నల్లబడేది కూడా ఆ బెరడులోని టానిన్ వల్లే.

సైలెన్సరుకు మామూలు రంగు కాలి పొగైపోతుంది. అల్యూమినియం పొడి కలిపిన సిలికోన్ పెయింటు నిలుస్తుంది, అందులో వెన్నెముకగా ఉండే సిలికాన్, ఆక్సిజన్ బంధం కార్బన్ బంధంకన్నా గట్టిది. సిలిండరు రెక్కల మధ్య పెయింటు నిండితే గాలి ఆడక ఇంజను వేడెక్కుతుంది. కుదుపు తగ్గించే రబ్బరు దిమ్మల మీద థిన్నరు పడితే అవి ఉబ్బి పగుళ్ళిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం చైన్ బ్రేకు. బారు ముక్కు దుంగకు తగిలి మిషను మొహం మీదికి ఎగిరినప్పుడు చైనును ఆపేది ఒక ఉక్కు పట్టీ, క్లచ్ డ్రమ్ము చుట్టూ బిగుసుకుంటుంది. పట్టీకీ డ్రమ్ముకూ మధ్య పెయింటు తుంపర చేరితే పట్టు జారుతుంది. గన్ను పట్టే ముందు అక్కడ టేపు వేయడం మరవకూడదు.

కొనేవాళ్ళ కోసం

“కొత్తగనే ఉంది గదన్నా” అని అమ్మేవాళ్ళు అన్నప్పుడు చూడాల్సింది రంగును కాదు, రంగు ఎక్కడెక్కడ ఉందో. మరల తలల గాడుల్లో రంగు చెక్కుచెదరకుండా ఉంటే ఇంజను విప్పకుండానే పైపైన కొట్టారని అర్థం. గాడులు శుభ్రంగా ఉండి, కేసు అంచులకు ప్రైమరు గీత కనిపిస్తే విప్పి చేసిన పని. బారు బిగించే బోల్టుల చుట్టూ, పిడి కేసును కలిసే చోట వేలితో తడమాలి. పగుళ్ళను లప్పంతో పూడ్చి రంగేస్తే ఆ చోటు చుట్టుపక్కలకన్నా నున్నగా తగులుతుంది. స్టార్టరు తాడు మెల్లగా లాగితే పిస్టను గట్టిగా ఎదురుతిరగాలి. సైలెన్సరు విప్పితే రంధ్రంలోంచి పిస్టను పక్క కనిపిస్తుంది, దాని మీద నిలువు గీతలుంటే బయట ఎంత మంచి పీయూ ఉన్నా ఆ మిషను బోరు పని అడుగుతుంది. బ్రేకు ముందుకు తోసి చైను కదలడం లేదని చూసుకున్నాకే ధర మాట్లాడాలి.

ఈ పనంతా అయ్యాక షెడ్డులో మిగిలేవి కాస్టిక్ తొట్టిలోని మడ్డి, రంగు కలిసిన థిన్నరు, ఎమరీ బురద. మురుగు కాలువలో పోస్తే అవి చేరేది చెరువుకే, బోరు నీళ్ళకే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద పెయింటు మడ్డి కూడా లెక్కలోకి వస్తుంది. అలాంటి వ్యర్థాలను తీసుకుని శుద్ధిచేసి పూడ్చే కేంద్రం మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో, దుండిగల్‌లో ఉంది. పెద్ద ఫ్యాక్టరీల లారీలు అక్కడికి వెళ్తుంటాయి. ఒక గన్నూ ఒక కంప్రెసరుతో నడిచే షెడ్డు ఒంటరిగా లారీ నింపలేదు. మురికి థిన్నరును మరోసారి గన్ను కడగడానికి వాడుకుని, మిగిలిన మడ్డిని మూత బిగించిన డబ్బాల్లో పోగుచేసి, పక్కపక్కనున్న నాలుగైదు షెడ్లు కలిసి అనుమతి తీసుకుని ఏడాదికోసారి పంపడం మాత్రం అయ్యే పనే.